ముగ్గురికి ఒక రూపాయి

ఆదివారం పొద్దున కాఫీలు అయ్యాక తాతయ్య మా ముగ్గురినీ వరండాలోకి పిలిచేవారు. అన్నయ్య, నేను, తమ్ముడు. ఆయన చేతిలో ఒక రూపాయి ఉండేది. "పంచుకోండి" అని ఇచ్చేసి పేపరు చేతిలోకి తీసుకునేవారు. ఎలా పంచుకోవాలో మాత్రం చెప్పేవారు కాదు.

అది 1978. నాకు పదేళ్లు, ఐదో క్లాసు. మూల మీద కొట్లో చిల్లర మార్పించుకొస్తే తలా 33 పైసలు వచ్చేవి. ఒక పావలా, నలుచదరంగా ఉండే ఐదు పైసల బిళ్ల, ఆరు మూలల మూడు పైసల బిళ్ల. ముగ్గురివీ సరిగ్గా సరిపోయాక ఒక్క పైసా మిగిలేది. ఆ పైసా దగ్గరే వచ్చేది తగాదా అంతా. పెద్దవాణ్ని కాబట్టి నాదే అని అన్నయ్య, చిన్నవాణ్ని కాబట్టి నాదే అని తమ్ముడు. నడిమిదాన్ని కావడం వల్ల చెప్పుకోవడానికి నాకు ఏ కారణమూ ఉండేది కాదు. అందుకని నేను ఇంకా గట్టిగా అరిచేదాన్ని.

తాతయ్య గుంటూరు పట్నంబజారులో ఒక మిర్చి కొట్లో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా చేశారు. పద్దు రాస్తే ఎక్కడా కొట్టివేత ఉండేది కాదని నాన్న చెప్పేవారు. ఒక ఆదివారం మా గోల భరించలేక పేపరు మడిచి పక్కన పెట్టి అన్నారు: "మా రోజుల్లో ఈ తగాదా లేదమ్మా. రూపాయిని ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి ఐదణాల నాలుగు పైలు. దమ్మిడీ మిగిలేది కాదు."

పై అనే ఆ పాత చిల్లర బిళ్లనే ఆయన దమ్మిడీ అనేవారు. నమ్మకపోతే చూడమని నాయనమ్మ వామనగుంటల సంచీ తెమ్మన్నారు. అందులోంచి నాలుగు చింతపిక్కలు తీసి నేల మీద పెట్టారు.

"ఇవి నాలుగు పావలాలు. అంటే రూపాయి. తలా ఒకటి తీసుకోండి."

తీసుకున్నాం. ఒకటి మిగిలింది.

"దాన్ని మార్చండి. పావలాకి ఎన్ని అణాలు?"

"నాలుగు" అన్నాడు అన్నయ్య. ఆ పిక్కను సంచీలో వేసి నాలుగు కొత్తవి పెట్టారు. మళ్లీ తలా ఒకటి. మళ్లీ ఒకటి మిగిలింది.

"అణాకి నాలుగు కానులు." మళ్లీ నాలుగు పిక్కలు. తలా ఒకటి. మళ్లీ ఒకటి.

ఇలా ఎంతసేపు చేసినా ఒకటి మిగులుతూనే ఉంటుందని ఈపాటికి నాకు తెలిసిపోయింది. తమ్ముడు కూడా దిగులుగా ఆ పిక్క వైపే చూస్తున్నాడు. "కానికి ఎన్ని దమ్మిడీలు?" అని తాతయ్య అడిగితే నేను ఆలోచించకుండా నాలుగు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"మూడు."

మూడు పిక్కలు పెట్టారు. తలా ఒకటి తీసుకున్నాం. నేల మీద ఏమీ లేదు.

ఆ ఖాళీ నేల నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఎర్రమట్టి రంగు గచ్చు, దాని మీద పిక్కల నుంచి రాలిన కొంచెం ధూళి. నా చేతిలో నాలుగు పిక్కలు: ఒక పావలా, ఒక అణా, ఒక కాని, ఒక దమ్మిడీ. కానికి మూడు దమ్మిడీలు కాబట్టి చివరి రెండూ కలిపితే నాలుగు దమ్మిడీలు. ఐదణాల నాలుగు పైలు, తాతయ్య చెప్పినట్టే.

తర్వాత ఆయన పలక మీద రాసి చూపించారు. నాలుగు నాలుగులు పదహారు, పదహారు నాలుగులు అరవై నాలుగు, అరవై నాలుగు మూళ్లు నూట తొంభై రెండు. పాత రూపాయిలో 192 దమ్మిడీలు. ఆ సంఖ్యను విప్పుకుంటూ పోతే అన్నీ రెండ్లే, చివర్న మాత్రం ఒక్క మూడు దాక్కుని ఉంటుంది. మా ముగ్గురినీ గట్టెక్కించింది ఆ మూడే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక రూపాయికి 100 అయింది. నూరును విప్పితే రెండు రెండ్లు, రెండు ఐదులు. మూడు ఎక్కడా లేదు. లేనిదాన్ని మనం తేలేం కాబట్టి ఆ పైసా మిగలక తప్పదు.

కొత్త పైసల మీద తాతయ్యకు కోపమేమీ లేదు. "కూడికలు సుళువయ్యాయి. ఐదుగురు అన్నదమ్ములున్న ఇంటికి మంచిదైంది" అన్నారు. నిజమే, 192ను ఐదుగురికి పంచితే రెండు దమ్మిడీలు మిగులుతాయి. నూరైతే తలా ఇరవై. ఏ లెక్క వచ్చినా ఎవరికో ఒకరికి కలిసొస్తుంది, ఇంకొకరికి కలిసిరాదు.

మా తగాదాకు ఆయన చెప్పిన తీర్పు మాత్రం నాకు భలే నచ్చింది. మిగిలిన పైసాను తన ముక్కుపొడుం డబ్బాలో వేశారు. పాత డబ్బా అది, పొడుం వాసన ఇంకా పోలేదు. "మూడు వారాలు ఆగండి. మూడు పైసలవుతాయి. అప్పుడు తలా ఒకటి." ఆ రోజు నుంచి అదే పద్ధతి. రెండు ఆదివారాలు ఓపిక పట్టడం, మూడో ఆదివారం డబ్బా మూత తీయడం.

మూడు ఎందుకంత మొండిది అని ఆ సాయంత్రమే అడిగాను. మళ్లీ వామనగుంటల సంచీయే దిక్కయింది. పీటకు పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదు పిక్కల చొప్పున 70 పిక్కలు. వాటిని వరుసలుగా పేర్చమన్నారు. ఏడు వరుసలు పదేసి, ఐదు వరుసలు పద్నాలుగేసి, రెండు వరుసలు ముప్పై ఐదేసి. ఎటు పేర్చినా చక్కగా చాపలా పరుచుకునేవి. అప్పుడు తాతయ్య ఇంకో పిక్క పడేసి, "ఇప్పుడు పేర్చు" అన్నారు.

71. రెండేసి పేరిస్తే ఒకటి మిగిలింది. మూడేసి అయితే రెండు. ఐదేసి అయితే ఒకటి, ఏడేసి అయినా ఒకటే. నాయనమ్మ అన్నానికి పిలుస్తున్నా లేవకుండా పేర్చాను. చివరికి ఒకే ఒక పొడుగాటి వరుసలో పెట్టాను. వరండా ఈ కొస నుంచి గడప దాకా వచ్చింది. "అది అంతే. ఒంటి వరుసలో తప్ప ఎందులోనూ ఇమడదు" అన్నారు తాతయ్య.

మరుసటి ఏడాది బళ్లో లెక్కల మాస్టారు బోర్డు మీద "ప్రధాన సంఖ్యలు" అని రాసి, ఒకటీ, తనూ తప్ప వేరే కారణాంకాలు లేనివి అని నిర్వచనం చెబుతుంటే నాకు ఆ పొడుగాటి పిక్కల వరుసే గుర్తొచ్చింది. ఆ మాస్టారు కూడా మంచి గురువే. రెండు నుంచి నూరు దాకా గళ్లలో రాయించి, రెండును ఉంచి దాని మిగతా గుణిజాలు కొట్టేయండి, అలాగే మూడువి కొట్టేయండి, ఐదువి, ఏడువి అన్నారు. ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడి పేరుతో దాన్ని జల్లెడ అంటారని చెప్పారు. పిండి జల్లిస్తే నూక పైన మిగిలినట్టు 25 సంఖ్యలు మిగిలాయి. ఏడుతో ఎందుకు ఆపేయాలి అని నేను అడిగితే నన్నే బోర్డు దగ్గరికి పిలిచారు. ఏడు తర్వాత వచ్చే ప్రధాన సంఖ్య 11. పదకొండు పదకొండ్లు 121, నూరు దాటిపోయింది. అంతకంటే చిన్న గుణిజాలు ఏవైనా ముందే రెండు చేతో, మూడు చేతో, ఐదు చేతో, ఏడు చేతో దెబ్బతినేశాయి. ఆ రోజు 91ని ఏడో ఎక్కంలో వెతకకుండా వదిలేసినవాళ్లు క్లాసులో సగం మంది. ఏడు పదమూళ్లు తొంభై ఒకటి. నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను, 91 దగ్గర పిల్లలు ఇప్పటికీ ఆగిపోతారు.

ఇప్పుడు బ్రాడీపేట సంగతి. గుంటూరు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెబుతాను. బ్రాడీపేటలోనూ, దాని పక్కనున్న అరండల్‌పేటలోనూ అడ్రసులు భిన్నాల్లా రాస్తారు. మేం అద్దెకున్న ఇల్లు 4/14. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. రిక్షా ఎక్కినా "నాలుగు బై పద్నాలుగు" అంటే చాలు, తిన్నగా తీసుకొచ్చి దింపేవాడు.

బళ్లో భిన్నాలను సూక్ష్మరూపంలోకి మార్చడం చెప్పిన వారంలోనే నాకు ఈ అనుమానం వచ్చింది. 4/14లో పైనా కిందా రెండుతో భాగిస్తే 2/7. రెండూ సమాన భిన్నాలని పుస్తకంలో ఉంది. మరి మన ఇల్లు 2/7 అని రాస్తే ఉత్తరాలు వస్తాయా? తాతయ్యను అడిగాను. ఆయన నవ్వలేదు. కండువా భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు.

నడిచాం. నాలుగో లైను నుంచి రెండో లైనుకు, పద్నాలుగో అడ్డరోడ్డు నుంచి ఏడో దానికి. ఎండ తగ్గే వేళ. ఆ మూల మీద ఒక బాదం చెట్టు, దాని కింద ఇస్త్రీ బండి, బొగ్గుల వాసన.

"ఇది మన ఇల్లేనా?"

"కాదు తాతయ్యా."

"మరి పుస్తకం తప్పా?"

నేను మాట్లాడలేదు. అప్పుడు ఆయన ఇస్త్రీ బండి పక్కన నిలబడే వివరంగా చెప్పారు. పుస్తకంలో గీత అంటే పంచమని. ఏడుగురికి రెండు రొట్టెలు పంచినా, పద్నాలుగు మందికి నాలుగు పంచినా ఒక్కొక్కడి నోట్లోకి వెళ్లేది ఒకటే. అడ్రసులో గీతకు పంచే పని లేదు, లైనును అడ్డరోడ్డు నుంచి విడదీయడమే దాని పని. ఒకే గుర్తు రెండు చోట్ల రెండు పనులు చేస్తుంది. "గుర్తును చూసి లెక్క మొదలెట్టకు తల్లీ, అది ఏం అడుగుతోందో ముందు కనుక్కో" అన్నారు. బళ్లో పాఠాలు చెప్పినంత కాలం ఈ మాట నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

డిగ్రీలో ఉండగా ఒకరోజు గళ్ల కాగితం మీద బ్రాడీపేట గీసుకున్నాను. అడ్డంగా లైన్లు, నిలువుగా అడ్డరోడ్లు, మొదలు దగ్గర సున్నా. ఆ సున్నా మూల నుంచి మా 4/14 మూలకు స్కేలు పెట్టి గీత గీస్తే, అది సరిగ్గా సగం దూరంలో 2/7 మూల మీదుగా పోయింది. ఇళ్లూ చెట్లూ లేకుండా, మూలకొక దీపస్తంభం మాత్రమే ఉందనుకుంటే, సున్నా దగ్గర నిలబడ్డ మనిషికి 4/14 స్తంభం కనపడదు. 2/7 స్తంభం దానికి అడ్డం వస్తుంది. 4/13 అయితే కనిపిస్తుంది, ఎందుకంటే నాలుగుకీ పదమూడుకీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. సూక్ష్మరూపం అంటే అడ్డం లేకుండా కంటికి కనిపించే మూల అన్నమాట. చాలా పెద్ద గళ్ల కాగితం తీసుకుంటే అలా కనిపించేవి నూటికి దాదాపు 61 ఉంటాయని తర్వాత చదువుకున్నాను. అప్పటికి తాతయ్య లేరు. ఆ కాగితం ఆయనకు చూపించలేకపోయానన్న బాధ నాకు అలాగే ఉండిపోయింది.

అమ్మ దగ్గర నేర్చుకున్న లెక్క ఒకటుంది. అమ్మ ఏడో క్లాసుతో చదువు మానేసింది. నేను బళ్లో చదివేటప్పుడు ఒక ఏడాది ఎండాకాలం మా వీధికి నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చేవి, అదీ తెల్లవారుజామున మూడింటికి. నాన్నకు మిల్లులో ఆరు రోజులకోసారి నైట్ డ్యూటీ. ఈ రెండూ ఒకే రాత్రి పడితే బిందెలు మోయడానికి అమ్మ ఒక్కతే. అందుకని క్యాలెండరులో నీళ్లకు చుక్క, డ్యూటీకి గీత పెట్టుకునేది. నేను క.సా.గు., అంటే రెండు సంఖ్యల గుణిజాలు మొదటిసారి కలిసే చోటు, అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. "నాలుగు ఆర్లు ఇరవై నాలుగు, ఈసారి పడ్డాక మళ్లీ ఇరవై నాలుగు రోజులకేనమ్మా" అన్నాను ధైర్యం చెబుతున్నట్టు. అమ్మ క్యాలెండరు చూపించింది. చుక్కలు 4, 8, 12. గీతలు 6, 12. "పన్నెండుకే కలుస్తున్నాయిగా" అంది. నాలుగులోనూ ఆరులోనూ ఉన్న రెండును నేను రెండుసార్లు లెక్కపెట్టేశాను. ఆ పన్నెండో రాత్రి అమ్మ లేపకముందే లేచి గంగాళం నిండేదాకా చెంబుతో పోశాను.

పిల్లలకు భిన్నాలంటే ఎందుకు టెన్షనో నాకు తెలుసు. లవం, హారం, అపక్రమ భిన్నం అని మొదలెడతాం. వాళ్లకు వచ్చిన మాటలతో మొదలెట్టం. బస్సు ఏడుంబావుకి అంటే అది మిశ్రమ భిన్నమే, ఏడూ పావు. పావు తక్కువ ఎనిమిది అంటే తీసివేత. "వీసమెత్తు కూడా తేడా లేదు" అంటారు కదా, ఆ వీసం పదహారో వంతు. ఇందాకటి కాని బిళ్ల అరవై నాలుగో వంతు. పదహారణాల తెలుగు పిల్ల అంటే వంతు తగ్గకుండా నిండు రూపాయి అని. 2011 జూన్ 30తో పావలా బిళ్ల చెలామణీ ఆగిపోయింది గానీ పావలా వడ్డీ అనే మాట ఉంది. నెలకు నూటికి పావలా, ఏడాదికి మూడు రూపాయలు. నాయనమ్మ బియ్యం కొలిచేటప్పుడు కూడా నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. అంతా నాలుగు చొప్పునే. మన పెద్దవాళ్ల భిన్నాలు నాలుగు మెట్ల మీద నడిచాయని నేను ఏ పుస్తకంలోనో చదవడానికి ముందే ఆ చింతపిక్కలు చెప్పాయి.

తాతయ్య పాత చిట్టా ఒకటి నా దగ్గరుంది. అందులో అంకెల పక్కన నిలువు గీతలు, అడ్డ గీతలు. చిన్నప్పుడు అవేవో గుర్తులనుకున్నాను. నిలువు గీతలు పావులు, వాటి పక్కన అడ్డ గీతలు వీసాలు. ఏడణాలు రాయాలంటే ఒక నిలువు, మూడు అడ్డం. ఐదణాలకు ఒక నిలువు, ఒక అడ్డం. ఈ గీతలు 2008లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ల అక్షరాల పట్టికలో కూడా చేరాయని తెలిసినప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ చిట్టా ముందు పెట్టుకునే ఒక రాత్రి మూడో వంతు రాసి చూశాను. ఒక నిలువు, ఒక అడ్డం, మళ్లీ ఒక నిలువు. పావలా, అణా, కాని. ఆ పైన కూడా నాలుగేసి విడగొడుతూ పోతే ఒకటీ, ఒకటీ, ఒకటీ అని అది ఎప్పటికీ ఆగదు. దశాంశాల్లో 0.333 అని మూళ్లు ఆగనట్టే. పదిలో ఉన్నవి రెండూ ఐదూ, నాలుగులో ఉన్నవి రెండ్లే. మూడు రెండింటిలోనూ లేదు. కానికి మూడు దమ్మిడీలని మొదట ఎవరు పెట్టారో గానీ, ఆ ఒక్క మెట్టు దగ్గర నాలుగు వదిలేసి మూడు పట్టుకున్నారు. అందుకే ఆ రోజు మా పంపకం ఆగింది, నేల ఖాళీ అయింది.

తాతయ్య 1981లో పోయారు, ఒక గురువారం. పన్నెండు రోజులూ అయ్యాక నాన్న ఆయన పెట్టె తీశారు. కండువాలు, చిట్టా, కళ్లద్దాలు, అడుగున ముక్కుపొడుం డబ్బా. అన్నయ్య మూత తీశాడు.

రెండు పైసలున్నాయి.

మేం ముగ్గురం వాటిని చూస్తూ కూర్చున్నాం. ఎవరూ నాదంటే నాదనలేదు. అన్నయ్య మళ్లీ మూత పెట్టి డబ్బా నా చేతికిచ్చాడు.